దేవకమ్మ బిక్కిచెట్టు

మంగళవారం మధ్యాహ్నం ఆత్మకూరు పక్కన ఒక నిమ్మతోటలో నిలబడి, ఎండిన కొమ్మలు ఎక్కడిదాకా కొట్టాలో రైతుకు చూపిస్తుంటే మా మేనత్త ఫోన్ చేసింది. హలో అననివ్వలేదు.

"నా చెట్టును చంపినారు నిరోషా."

"ఎవరత్తా?"

"ఎవురో ఏంది? ఆ శీనమ్మే. దాని మొదట్లో ఏందో మందు పోసింది. ఆకులన్నీ రాలిపోతా ఉండాయి. బేస్తవారం మాపటికి పంచాయితీ పెట్టించినాను. నువ్వు వచ్చి, మందు పోసినారని నీ సర్కారు కాగితం మీద రాసియ్యి."

"చూడకుండా ఎట్ట రాసేదత్తా?"

"చూడను రమ్మనే కదా చెప్పేది. బేస్తవారం పొద్దున బస్సుకే దిగాల," అని పెట్టేసింది.

నేను హార్టికల్చర్ అసిస్టెంటును. తోటలకు తెగులొస్తే చూసి ఏం చేయాలో చెప్పడం నా ఉద్యోగం. మా అత్త దృష్టిలో మాత్రం నేను చెట్లకు కలెక్టరును. నేను ఒక ముక్క రాసి సంతకం పెడితే పోలీసులొచ్చి శీనమ్మను జీపెక్కించుకుని పోతారని ఆవిడ నమ్మకం. జీపు రాకపోయినా, ఆ కాగితంతో శీనమ్మ ఆ ఊళ్ళో తలెత్తుకుని తిరగలేదు. ఆ సంగతి నాకు తెలుసు కాబట్టే రెండు రోజులు అన్నం సయించలేదు.

ముందు మా అత్త ఎవరో చెప్పాలి. పేరు దేవకమ్మ. ఉదయగిరి నుంచి వరికుంటపాడు పోయే దారిలో, కొండ కనుచూపులో ఉండే ఒక పల్లెలో కాపురం. వయసు అరవై అని ఆవిడ అంటుంది, ఆధార్ కార్డు యాభై ఏడంటుంది. కార్డే తప్పు, ఎందుకంటే అత్త తప్పని ఇంతవరకూ ఎవరూ అనలేదు. భర్త, అంటే మా మామ, ఆదినారాయణ. నలభై గొర్రెలు, నోట్లో ఎప్పుడో తప్ప పలకని నాలుక, ఇవీ ఆయన ఆస్తి. పిల్లలు లేక చెట్టును పెంచుకుందని అనుకునేరు. ఇద్దరు కూతుళ్ళు, ఐదుగురు మనవలు. వాళ్ళెవరినీ ఆవిడ ఆ చెట్టును చూసినట్టు చూడలేదు. ఈ మాట కూతుళ్ళే నవ్వుతూ అంటారు, కాస్త కోపంగా కూడా అంటారు.

మా వాళ్ళ ఊరు సోమశిల ప్రాజెక్టులో మునిగిపోయింది. ఊరు ఖాళీ చేసే రోజు అందరూ తలుపులూ దూలాలూ ఊడదీసి బండ్లకెత్తుకుంటుంటే, అప్పటికే పెళ్ళి కుదిరిన దేవకమ్మ మాత్రం ఊరి వెనక కొండెక్కింది. మధ్యాహ్నానికి ఆరు బిక్కి మొక్కలు వేళ్ళూ మట్టీ కదలకుండా పెళ్ళగించి, ఒక పగిలిన కుండలో పెట్టుకుని దిగింది. ఎందుకే అని అడిగితే చెప్పలేదట. పదేళ్ళ తమ్ముడి ఒళ్ళో, అంటే మా నాయన ఒళ్ళో, ఆ కుండ పెట్టి "ఒక్క మొక్క చచ్చినా నిన్ను చంపతా" అన్నదట. ఐదు మొక్కలు దారిలోనే చచ్చాయి. మా నాయన ఇంకా బతికే ఉన్నాడు. మిగిలిన ఆ ఒక్క మొక్క అత్తతోపాటు అత్తగారింటికి వచ్చి పెరట్లో నిలబడింది.

బిక్కి తెలియని వాళ్ళకు చెప్తాను. కొండల మీద రాళ్ళ సందుల్లో పెరిగే చిన్న చెట్టు. బెరడు పలచటి పెచ్చులుగా ఊడి, కింద లేత తెలుపు బయటపడుతుంది. అరచేయంత ఆకులు. ఎండలు ముదిరేటప్పుడు తెల్లగా పూసి, మర్నాటికి పసుపు తిరిగే పూలు. దాని చెక్క తెల్లగా, నున్నగా, దువ్వెన పళ్ళు కోసినా విరగకుండా ఉంటుంది. ఉదయగిరిలో చెక్క గరిటెలు, చెంచాలు చెక్కేవాళ్ళను అడగండి, బిక్కి పేరు చెప్పగానే వాళ్ళ మొహాలు మారిపోతాయి.

కొండ మీద ఎవరూ చూడకపోయినా పెరిగే చెట్టు, ఇంటికొచ్చేసరికి మహారాణి అయిపోయింది. ఏడేళ్ళు మోకాలి ఎత్తు దాటలేదు. వేళ్ళు పైపైనే పరుచుకున్నాయని అత్త మొదటి వేసవిలోనే కనిపెట్టి, మొదలు చుట్టూ జానెడు మందాన వేరుశనగ పొట్టు పరిచింది. అడుగున చిల్లి పెట్టిన కుండను మట్టిలో పూడ్చి, అందులో నీళ్ళు పోసి బొట్టుబొట్టుగా దిగనిచ్చింది. మే నెలలో పడమటి ఎండ తగిలి బెరడు పగలకుండా కాండానికి తడి గోనె చుట్టేది. తన గొర్రెలే కొరుకుతాయని చుట్టూ కంప నాటింది. కత్తి మాత్రం ఎన్నడూ తగలనివ్వలేదు. ఎండుపుల్లయినా దానంతట అది రాలాల్సిందే. ఇవన్నీ ఆవిడకు ఎవరూ నేర్పలేదు. నేను నాలుగేళ్ళు చదివి నేర్చుకున్నవాటిలో సగం ఆవిడ చెట్టు పక్కన కూర్చుని తెలుసుకుంది.

ఆ చెట్టు నీడ సగం గోడ అవతల పడుతుంది. అవతల ఇల్లు శీనమ్మది. అత్త కంటే నాలుగేళ్ళు చిన్న, ఒంటరి మనిషి, గరిటెలు చెక్కి బతుకుతుంది. ముప్పై ఏళ్ళుగా ఆ నీడలో కూర్చునే బాడిశ పట్టుకుని చెక్కుతుంది. గోడకు అటొకరు ఇటొకరు కూర్చుని వాళ్ళిద్దరూ పలికిన మాటలు పోగేస్తే ఆ కొండంత అవుతాయి. అత్తను "అక్కా" అని పిలిచి, మొహం మీద తిట్టగలిగే మనిషి ఆ ఊళ్ళో శీనమ్మ ఒక్కతే.

ఫిబ్రవరిలో శీనమ్మ ఒక కొమ్మ అడిగింది. కొండ మీద కట్టె కొట్టనివ్వడం లేదు, దొరికిన కట్టె పనికి రావడం లేదు, గోడ మీదికి వచ్చిన కొమ్మ ఒక్కటి ఇస్తే దువ్వెనలు చేసుకుంటానంది. అత్త ఇవ్వనంది. పోయినేడు సగం కూడా పూయలేదు, బలం పుంజుకోనీ, అప్పుడు చూద్దామంది. "అయితే నీడ కూడా మడిచి లోపల పెట్టుకో అక్కా," అని శీనమ్మ లేచిపోయింది. ఆ రోజు నుంచి మాటల్లేవు.

మార్చిలో అత్త నాకు ఫోన్ చేసి ఒక మాట అడిగింది. నేనొక మాట చెప్పాను. అది కాసేపాగి చెప్తాను. చెప్పడం నాకిష్టం లేదు.

గురువారం పొద్దున బస్సు దిగేసరికి అత్త రోడ్డు మీదే నిలబడి ఉంది. నీళ్ళ ట్యాంకర్ అప్పుడే వచ్చి పోయినట్టుంది, దారి పొడవునా బిందెల తడి. ఎండాకాలం ఆ ఊళ్ళో బోర్లు ఎండిపోతాయి. రోజు విడిచి రోజు ఇంటికి ఆరు బిందెలు, తాగడానికీ వాడుకోవడానికీ అవే.

నన్ను కూర్చోమని కూడా అనకుండా నేరుగా పెరట్లోకి తీసుకుపోయింది. చెట్టుకు పడమటి వైపు, దక్షిణం వైపు కొమ్మలు మోడులు. మిగిలిన ఆకుల అంచులు నిప్పు తగిలినట్టు మాడి ముడుచుకున్నాయి. విచ్చుకోకుండానే నల్లబడిన మొగ్గలు కింద రాలి ఉన్నాయి. గోడ వైపు కొమ్మలు మాత్రం పచ్చగా ఉన్నాయి.

"ఇటు చూడు," అంటూ అత్త గోడ మొదట్లో వాననీళ్ళు పోయే తూము చూపించింది. అక్కడ మట్టి తడిగా ఉంది. "సోమారం పొద్దున నా కళ్ళారా చూసినాను. ఆ తూములోంచి ఏందో పోస్తా ఉండాది. నేను కేకేసేసరికి ఆపేసింది. కొమ్మ ఇయ్యలేదని కక్ష. చెట్టు చస్తే కట్టె అంతా తనకే అని."

"మందు వాసన ఏమన్నా వచ్చిందా అత్తా?"

"అది చూసేదానికే కదా నువ్వు వచ్చింది!"

సంచిలోంచి చిన్న గునపం తీసి ముందు మోడు వైపు తవ్వాను. పొట్టు కింద మట్టి నల్లగా, పైన ఉప్పు పేరుకున్నట్టు తెల్లటి పొర. జానెడు లోతుకు పోగానే ఘాటు గుప్పుమంది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సన్నటి వేళ్ళు పట్టుకుంటే తోలు ఊడి చేతికొచ్చింది. ఆ వాసన నాకు తెలుసు, మా నాయన దొడ్లో పుట్టి పెరిగినదాన్ని. ఏ మందుదీ కాదది.

"అత్తా, ఇక్కడ మంద కట్టినారా?"

"కట్టకుండా? నువ్వే కదా ఎరువు వెయ్యమన్నావు. కంప తీసి పదకొండు రాత్రులు కట్టించినాను. నలభై జీవాలు. ఊళ్ళో రైతులు బతిమాలినా పోనీకుండా, నా చెట్టుకే."

ఇక ఆ మార్చి ఫోన్ సంగతి చెప్పక తప్పదు. టిఫిన్ తింటూ ఉన్నాను. చెట్టుకు బలం చాలలేదు ఏం చేయమంటావని అత్త అడిగింది. "పశువుల ఎరువు వేసి నీళ్ళు పెట్టత్తా, సరిపోతుంది," అన్నాను. అంతే. ఎంత వేయాలో, ఎప్పుడు వేయాలో చెప్పలేదు. బాగా మాగిన పాత ఎరువు రెండు గంపలు అని నా మనసులో ఉంది. మనసులో ఉన్నది ఆవిడకెట్లా తెలుస్తుంది? గొర్రెల వాళ్ళింట్లో ఎరువు వేయడమంటే ఒకటే అర్థం. బీడు పొలంలో రాత్రిళ్ళు మందను నిలబెడతారు, పెంటా మూత్రమూ నేలకు దిగుతాయి, వాన పడ్డాక దున్నుతారు. ఆ నేల బంగారమవుతుంది, నిజమే. కానీ అది ఎకరాల మీద, వాన ముందర. ఇక్కడ పది మంచాలు పట్టేంత చోటులో, ఏప్రిల్ ఎండల్లో, పైపైన ఉన్న వేళ్ళ మీద నలభై గొర్రెలు పదకొండు రాత్రులు. దాన్ని కడిగేంత నీళ్ళు ఎవరి దగ్గరున్నాయి? ప్రాణంలా చూసుకునే చెట్టుకు తన దగ్గరున్న దానిలో కెల్లా మంచిది పెట్టింది మా అత్త. అదే దాన్ని కాల్చేసింది.

గోడ వైపు తవ్వాను. అక్కడ మట్టి ఘాటు లేదు. కడిగినట్టుంది. వేళ్ళ కొసలు తెల్లగా, బతికి ఉన్నాయి. చేతి వేళ్ళ మధ్య మట్టి నలిపి వాసన చూశాను. నీళ్ళ వాసన, అంతే.

"ఏందది? మందేనా? రాస్తావా?" అత్త నా నెత్తి మీదే నిలబడి ఉంది. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నిద్రపోయి ఎన్నాళ్ళయిందో.

చెప్పాల్సింది అప్పుడే. నేను చెప్పలేదు. "ఇంకా చూడాలత్తా," అని మట్టి దులుపుకుని లేచాను. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నా మీద నాకే రోత. ఆవిడ మొహం చూసి, "నీ చెట్టును నువ్వే చంపుకున్నావు, దారి నేను చూపించాను" అనడానికి నోరు రాలేదు.

దొడ్డి దగ్గర మామ ఒక గొర్రెపిల్ల కాలికి కట్టు కడుతున్నాడు. పోయి పక్కన కూర్చున్నాను. ఆయనే, నా వైపు చూడకుండా, గొంతు తగ్గించి అన్నాడు. "నాకు తెలుసు పాపా. మూడో రోజే ఘాటు తగిలింది."

"మరి ఎందుకు చెప్పలేదు మామా?"

"చెప్పినాను. గొర్రెలు కాచేవాడివి గొర్రెలు కాసుకో అనింది. మళ్ళీ చెప్తే చెట్టు మీద నీకెప్పుడూ కుళ్ళే అంటాది. గమ్మునుండినాను." కట్టు ముడి వేశాడు. "మాపటికి నువ్వే చెప్పాల. నువ్వు చదువుకున్నదానివి."

ఇద్దరం పిరికివాళ్ళం దొడ్డి గోడకు ఆనుకుని కూర్చున్నాం.

మధ్యాహ్నం శీనమ్మ ఇంటికి పోయాను. ఆమె నీడలో లేదు. వసారాలో, వేడి కొట్టే రేకుల కింద కూర్చుని గరిటె గుంట తీస్తోంది. నన్ను చూసి బాడిశ ఆపలేదు.

"శీనమ్మక్కా, ఒక్క మాట అడగాల..."

"నాతో నీకేం మాటలు పాపా? మాపటికి అందరి ముందరా అడుగుతారు కదా. అక్కడే చెప్తాను."

వసారా కింద ఐదు బిందెలు వరుసగా ఉన్నాయి. ఆరోది విడిగా, పెరటి గోడ పక్కన, తూము దగ్గర బోర్లించి ఉంది. నేను దాన్ని చూడటం ఆమె చూసింది. చెక్క పొట్టు ఊదేసి మళ్ళీ పనిలో పడింది. నేను వచ్చేశాను. ఇప్పుడు నాకు అంతా తెలుసు. తెలిసి కూడా సాయంత్రం దాకా అత్త ముందు నోరు తెరవలేదు.

ఐదింటికి పోలేరమ్మ గుడి ముందర జనం చేరారు. పెద్దమనిషి వెంకటరమణయ్య కుర్చీలో కూర్చున్నాడు. ముందు సర్పంచిగా చేసినాయన, ఊళ్ళో సగం పొలం వాళ్ళింటిదే. ఆయన మాట ఎవరూ కాదనరు. ఆ ఊళ్ళో నింద పడ్డవాళ్ళు తప్పు చేయలేదని తేల్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది. ప్రమిదలో దీపం వెలిగించి నేల మీద పెడతారు. నింద పడ్డ మనిషి తన మాట పైకి చెప్పి, అరచేత్తో దీపం ఆర్పాలి. చెప్పింది అబద్ధమైతే ఆ ఇంట్లో దీపం పెట్టే దిక్కుండదంటారు. నిజమైతే నింద వేసిన ఇంటికీ, పడ్డ ఇంటికీ ఆ రోజు నుంచి నిప్పూ నీళ్ళూ ఇచ్చిపుచ్చుకోవడాలుండవు. ఎటు తేలినా ఆ గోడ ఇక గోడే.

దీపం వెలిగింది. శీనమ్మ వచ్చి ఎదురుగా కూర్చుంది. ఉతికిన చీర కట్టుకుంది. చెక్క పొట్టు ఇంకా ముంజేతి మీద ఉంది.

"చెప్పు తల్లీ," అన్నాడు వెంకటరమణయ్య. "దేవకమ్మ చెట్టు మొదట్లో నేనేమీ పోయలేదు అని చెప్పి దీపం ఆర్పు. అంతటితో అయిపోతాది."

శీనమ్మ చెయ్యి చాపింది. అరచెయ్యి మంట మీదికి పోయింది. అక్కడే ఆగింది. తర్వాత వెనక్కి తీసుకుంది.

"అట్ట చెప్పలేనయ్యా."

జనంలో గుసగుసలు లేచాయి. అత్త ఒక్క అడుగు ముందుకేసింది. "చూసినారా! అందరూ చూసినారా!"

"పోసినావా?" అన్నాడు వెంకటరమణయ్య. ఆయన గొంతు మారింది.

"పోసినాను."

"ఏం పోసినావు?"

"నీళ్ళు."

ఎవరో నవ్వారు. శీనమ్మ తల తిప్పలేదు, దీపం వైపే చూస్తూ చెప్పింది. "పదకొండు రాత్రులు మంద కట్టినారు. ఆ ఘాటుకు గోడ ఇవతల నాకే కళ్ళు మండినాయి. నాలుగు రోజులకు ఆకు అంచులు మాడినాయి. పోయి చెప్దామంటే దేవకమ్మ గారికీ నాకూ మాటల్లేవు. చెప్పినా వినే మనిషి కాదు. అందుకని రోజూ పొద్దున ఒక బిందె తూములోంచి పోస్తా ఉండాను. కడిగితే బతుకుతాదేమోనని. సోమారం పోసినాను. ఈ పొద్దున కూడా పోసినాను. పోయలేదని ప్రమాణం ఎట్ట చేసేది?"

అక్క అనలేదు, 'దేవకమ్మ గారు' అంది. శీనమ్మ నోట ఆ గారు అనే మాట నేనెప్పుడూ వినలేదు.

"నింద వేసినాక కూడా పోసినావా?" అన్నాడు వెంకటరమణయ్య.

"చెట్టు నింద వెయ్యలేదు కదయ్యా."

అత్త గొంతు పెద్దదైంది. "అబద్ధం! దాని ఆరు బిందెల్లో నా చెట్టుకు పోసిందంటే ఎవురు నమ్ముతారు? నిరోషా, నువ్వు చూసినావు కదా. చెప్పు. మందని చెప్పు!"

అందరూ నా వైపు తిరిగారు. నా సంచిలో కాగితం ఉంది, పెన్ను ఉంది. లేచాను.

"మందు కాదత్తా. మంద," అన్నాను. "గొర్రెల మూత్రానికి వేళ్ళు కాలినాయి. నీళ్ళు పోసిన వైపు మటుకే బతికి ఉండాయి. మార్చిలో ఎరువు వెయ్యమని ఫోన్‌లో చెప్పింది నేనే. ఎంత వెయ్యాలో చెప్పలేదు. తప్పు నాది. పొద్దున్నే తెలిసింది నాకు, చెప్పేదానికి భయపడినాను. శీనమ్మక్క లేకపోతే ఈ పాటికి ఆ చెట్టు మొత్తం మోడై ఉండేది."

అత్త నన్ను చూడలేదు. మామ వైపు తిరిగింది. "నా గొర్రెలా?" అంది, చిన్నపిల్ల అడిగినట్టు. మామ తల దించుకున్నాడు. అదే జవాబు.

దీపం వెలుగుతూనే ఉంది. ప్రమాణానికి పెట్టిన దీపాన్ని ఊదకూడదు, మాట లేకుండా ఆర్పకూడదు. అత్త నడిచి వచ్చి శీనమ్మకు ఎదురుగా కూర్చుంది.

"శీనమ్మ తప్పేం లేదు," అంది. "నా చెట్టును నా చేత్తోనే కాల్చుకున్నాను." అరచెయ్యి మంట మీద పెట్టి నొక్కింది. మంట ఆరిపోయాక కూడా తీయలేదు. కాలిన వత్తి, మరిగిన నూనె ఆ చేతి కిందే ఉన్నాయి. మామ పరుగున వచ్చి ఆ చెయ్యి లాగేశాడు.

శీనమ్మ అప్పటికే లేచింది. చీర దులుపుకుని, ఎవరి వంకా చూడకుండా ఇంటికి పోయింది.

ఆ రాత్రి అత్త ఇంట్లో ఎవరూ తినలేదు. శుక్రవారం ఇంకా తెల్లవారకముందే పెరట్లో గీకుతున్న చప్పుడుకు లేచాను. అత్త చేతికి గుడ్డ చుట్టుకుని, ఒంటి చేత్తో పారతో చెట్టు చుట్టూ పై మట్టి గీకేస్తోంది. నేనేం చెప్పకముందే చేయాల్సిన పనే చేస్తోంది. నేనూ మామా దిగాం. వేళ్ళు తెగకుండా బెత్తెడు లోతు మట్టి తీసి గంపలకెత్తాం. మామ ఎండిన చెరువులోంచి రెండు విడతలు ఒండ్రు మట్టి మోసుకొచ్చాడు. ఇంట్లో ఉన్న బిందెల్లో నాలుగు పోసేశాం. అవి అరగంటలో ఇంకిపోయాయి. మోడైన కొమ్మలు వానలు పడేదాకా కొట్టవద్దని, బతుకుతుందో లేదో అప్పటిదాకా చెప్పలేనని అన్నాను. ఈసారి ప్రతి మాటా రెండుసార్లు చెప్పాను. అత్త తల ఊపింది. నన్ను ఒక్క తిట్టు తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది.

ఆరయింది. తూములోంచి నీళ్ళు వచ్చే వేళ అది. రాలేదు. ఆరున్నరయింది. గోడ అవతల బాడిశ చప్పుడు మొదలైంది. అత్త పార పక్కన పెట్టి, తూము ముందర కాళ్ళు చాపుకుని కూర్చుంది. నేను బస్సుకు పోవాలి. పోలేక తులసి కోట దగ్గర నిలబడ్డాను. నలభై ఏళ్ళలో ఆ ఊళ్ళో ఎవరినీ ఏమీ అడగని మనిషి, ఎంతసేపు అట్లా కూర్చుందో.

"శీనా," అంది చివరికి. తూము వైపు వంగి.

బాడిశ ఆగింది.

"ఈ పొద్దు పోయలేదే?"

మామ గంప దింపి, కదలకుండా నిలబడిపోయాడు. ఇక జవాబు రాదనుకున్నాను.

"చెయ్యి ఎంత కాలింది?" అంది అవతలి గొంతు.

"బొబ్బ లేచింది."

"ఏం పూసినావు?"

"ఏం పూయలేదు."

"పూయవు. ఎవురన్నా చెప్తే కదా నువ్వు వినేది. పిల్లను పంపించు, కలబంద ఇస్తాను."

తర్వాత రాతి మీద బిందె ఈడ్చిన చప్పుడు వినబడింది.

"కాళ్ళు తియ్యక్కా, తడుస్తాయి."

నీళ్ళు వచ్చాయి. మా అత్త కాళ్ళు తీయలేదు.